మహారాజశ్రీ లింకు డాక్యుమెంటు గారికి

మహారాజశ్రీ 1974 నాటి లింకు డాక్యుమెంటు గారి దివ్యసముఖానికి,

కోనసీమలో పన్నెండు సెంట్ల స్థలం కొనడానికి బ్యాంకు లోను కోసం పదకొండు నెలలుగా తిరుగుతున్న అభాగ్యుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. అంటే, అలా రాయడం మర్యాద కనుక రాశాను. ఇక్కడ నేను క్షేమంగా లేను. తమరి కుడి అంచు చెదలు తినేసింది.

నిన్న బ్యాంకులో పదకొండున్నరకి కూర్చున్నాను. సర్వరు, లంచి, మేనేజరు గారి ఫోను, ఈ మూడూ దాటి నన్ను పిలిచేసరికి మూడుంపావు. "లీగల్ నుంచి మళ్ళీ క్వెరీ వచ్చిందండీ" అన్నారాయన, అమెరికా నుంచి అబ్బాయి వచ్చాడన్నంత సంతోషంగా. క్వెరీ తమరి గురించే. ఎప్పుడూ తమరి గురించేగా.

స్థలం అమ్మేవాళ్ల చేతికి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజు తమరు. మొదట్లో తమరు ఉన్నారనే నాకు తెలియదు. ముప్పై ఏళ్ల కాగితాలు చాలన్నారు. ముప్పై ఏళ్లలో మొదటిది 1998లో తండ్రి కొడుక్కి రాసిన సెటిల్‌మెంటు దస్తావేజు. హమ్మయ్య అనుకున్నా. కానీ అందులో మూడో పేజీలో ఒక ముక్క ఉంది: "1974వ సంవత్సరంలో నేను క్రయం పొంది అనుభవిస్తున్న". అంతే. లాయరు గారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ఆ గీత మీదే నేను ఇప్పటికి ఆరుసార్లు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దిగి, అక్కడి నుంచి బస్సెక్కాను.

మధ్యలో మిగతావాళ్ళనీ తలుచుకోవాలి, లేకపోతే నొచ్చుకుంటారు. ఉత్త స్థలానికైతే లోను ఇవ్వరట, ఇల్లు కూడా కడతానంటే ఇస్తారట. ఇల్లు కట్టాలంటే పంచాయతీ ప్లాను కావాలి. ప్లాను కావాలంటే స్థలం నా పేరున ఉండాలి. స్థలం నా పేరున ఉండాలంటే లోను రావాలి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినా ఈపాటికి ప్రసాదమైనా పెట్టేవారు. నూటికి ఏడున్నర చొప్పున రిజిస్ట్రేషన్ ఖర్చు నా జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు పదివేలు, దాని మీద జీఎస్టీ పద్దెనిమిది వందలు, లోను వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఇవన్నీ చిన్న చిన్న దోమలు. తమరు ఏనుగు.

కంప్యూటర్లో ఈసీ, అంటే స్థలం మీద ఇదివరకు జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచే వస్తుంది. తమరు అంతకు తొమ్మిదేళ్లు పెద్దవారాయె, చేతిరాత పుస్తకాల్లో వెతికించాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట వేపచెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి "ఆయ్, దొరుకుతాదండి" అన్నాడు. నెల తర్వాత కూడా అదే మాట అన్నాడు, అదే గొంతుతో. తమరి ఒరిజినలే పోయిందంటే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదిచ్చి పేపర్లో ప్రకటన వేయించమన్నారు. పిల్లాడు తప్పిపోయినట్టు! ఆనవాళ్లేం రాయను? "రంగు పసుపు. నాలుగు మడతలు. ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు ఒంటి మీద స్టాంపు, వేలిముద్ర ఉన్నవి. ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం."

చివరికి తమరు ఎక్కడ దొరికారు? అమ్మకందారు గారి మేనత్త ఇంట్లో, అటక మీద రేకు పెట్టెలో, పెళ్లి శుభలేఖల కట్ట కింద. నిచ్చెన పట్టుకున్నది నేనే. ఆవిడ "ఇదేనా నాయనా?" అని తమర్ని చీర చెంగుతో తుడిచి నా చేతికిచ్చారు. నిజం చెప్పొద్దూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా సుఖాన అనుభవించగలవారు." లోను మంజూరు పత్రంలో నలభై పేజీల్లో ఎక్కడైనా "సుఖాన" అనే మాట ఉందా? కింద ఒక పెద్ద వేలిముద్ర, పక్కన "నిశానీ" అని లేఖరి రాత. ఆ గీతలు యాభై ఏళ్లయినా చెదరలేదు. ఆధార్ మిషను మాత్రం నా వేలిని మూడుసార్లు పెట్టినా గుర్తుపట్టదు.

సరే, తమర్ని తెచ్చి ఇచ్చాం. కథ అయిపోవాలిగా? లేదు. తమరిలో సుబ్బారాయుడు, 1998లో సుబ్బారావు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్. అదీ చేశాం. నిన్నటి క్వెరీ ఏమిటంటే, తమరి హద్దులు. "ఉత్తరం కాలువ గట్టు, దక్షిణం పంటబోదె, తూర్పు ఫలానా వారి కొబ్బరితోట, పడమర రావిచెట్టు." 1998లో పడమర రావిచెట్టు లేదు, పుంత రోడ్డు ఉంది. చెట్టు ఏమైనట్టు?

ఏమవుతుందండీ? 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లే అగ్గిపుల్లల్లా పడ్డాయి. రావిచెట్టు వేళ్లతో సహా లేచి కాలువలో పడిందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మేనేజరు గారు విని, తల ఊపి, "రాతపూర్వకంగా ఏదైనా?" అన్నారు. ఏం మనుషులయ్యా మీరు! ఇళ్లు పోయినవాళ్లే కాగితాలు దొరక్క ఏడ్చిన తుపాను అది. చెట్టు చచ్చిపోయిందని నేనెక్కడ సర్టిఫికెట్ తేను? నా జీతం చూశారు, సిబిల్‌లో నా పాత అప్పుల చిట్టా చూశారు, పదమూడు నెలల స్టేట్‌మెంట్లు చూశారు, నన్ను నమ్మరు, లేని చెట్టుని నమ్ముతారా?

ఇంకొక్క మాట. బయానా గడువు దాటిపోతోందని అమ్మకందారు ఒత్తిడి చేస్తే, అదే బ్రాంచిలో, ఇంకో కౌంటర్లో, మా ఆవిడ హారం పెట్టాను. అప్రైజరు గీటురాయి మీద ఒక గీత గీసి, ఆమ్లం చుక్క వేసి, తూచాడు. నలభై నిమిషాల్లో డబ్బు అకౌంట్లో పడింది. ఆ హారం మా ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. వాళ్ళమ్మకి ఎవరిచ్చారు, ఆవిడకి ఎవరిచ్చారు, మధ్యలో పేరు మారిందా, పడమర ఏ చెట్టుంది అని ఒక్కరూ అడగలేదు.

తమరి మీద నాకు కోపం లేదు. ముసలివారు, అటక మీద ఎవరి జోలికీ పోకుండా పడుకున్నవారు. తమర్ని నిద్రలేపింది మేమే. రేపు పొద్దున వీఆర్వో గారి దగ్గరికి వెళుతున్నాను, రావిచెట్టు మరణ ధృవీకరణ పత్రం కోసం. తమర్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళతా. దయచేసి ఇంకో ముక్క రాలనివ్వకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
పుత్రపౌత్ర పారంపర్యంగా తిరగబోయేవాడు.

తా.క.: హారం మీద వడ్డీ పదో తారీఖులోగా కట్టమని ఇప్పుడే బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది. కట్టడానికి వీలుగా లింకు వాళ్ళే పంపారు.