స్క్వాట్ గారికి, కూకట్‌పల్లి నుంచి

గౌరవనీయులైన స్క్వాట్ గారూ,

మీ పేరు ఎత్తితే మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ జిమ్ గుర్తొస్తుంది. "రోజుకి యాభై తీస్తా బావా" అన్నాడు మా బావమరిది. లోతు తక్కువ నీళ్ళలో వెళ్ళే ఓడ ఇంకాస్త కిందికి దిగడమే మీరని ఇక్కడెవరికీ తెలీదు. సముద్రం లేని ఊళ్ళో నా బాధ ఎవరికి చెప్పుకోను? అందుకే మీకే రాస్తున్నా.

నిన్న వీడియో కాల్‌లో మాక్ ఓరల్స్, అంటే ఓడ ఆఫీసర్ల మౌఖిక పరీక్షకి రిహార్సల్. తెల్ల చొక్కా, టై (కింద లుంగీ) వేసుకుని రెండింటికి కూర్చుంటే నా వంతు ఐదింటికి వచ్చింది. కెప్టెన్ గారు ఒక్కటే అడిగారు: "కాలువలో వెళ్తున్నావు. లోతు 12 మీటర్లు, డ్రాఫ్ట్ 10, బ్లాక్ కోఎఫిషియంట్ 0.8, వేగం 12 నాట్లు. స్క్వాట్ ఎంత?" డ్రాఫ్ట్ అంటే ఓడ నీళ్ళలో మునిగిన లోతు, బ్లాక్ కోఎఫిషియంట్ అంటే మునిగిన భాగం పెట్టె ఆకారానికి ఎంత దగ్గరో చెప్పే అంకె. వేగాన్ని వేగంతోనే హెచ్చిస్తే పన్నెండు పన్నెండ్లు 144, దాన్ని 0.8తో హెచ్చించి, వందతో భాగించి, 1.15 మీటర్లు అన్నాను. ఇంకా 85 సెంటీమీటర్లు ఉన్నాయిలే అని ధీమా.

"కాలువలో రెట్టింపు బాబూ."

అంటే 2.3. ఓడ కింద ఉన్నదే రెండు మీటర్లు. మూడు గంటలు కాచుకుని, మూడు నిమిషాల్లో ఓడను బురదలో కూర్చోబెట్టాను.

రెట్టింపు ఎందుకో నాకు తెలీక కాదండీ. ఓడ కింద ఇరుకులో నీళ్ళు పరుగెత్తితే ఒత్తిడి పడిపోతుంది, ఓడ దిగుతుంది. పక్కన గట్లుంటే నీళ్ళకి తప్పుకునే చోటే ఉండదు, ఇంకా దిగుతుంది. తెలిసీ మర్చిపోయాను. నాకు మండేది అదీ కాదు. వేగం సగం చేస్తే నువ్వు పావు వంతుకి పడిపోతావు. ఆరు నాట్లకి 58 సెంటీమీటర్లు, అంతే! ఇంత తేలిగ్గా లొంగేవాడివి, ఆ మాట నా నోట్లోంచి రానివ్వడానికి నీకేం నొప్పి? ఓడ వణకడం, చుక్కాని మాట వినకపోవడం... ఇవేనా నువ్విచ్చే నోటీసులు? వీడియో కాల్‌లో అవీ లేవు కదయ్యా!

మీ తమ్ముడు బ్యాంక్ ఎఫెక్ట్ సంగతి సరేసరి. గట్టు పక్కకి పోతే ఓడ తోకని అటు లాగి, ముక్కుని ఇటు తోస్తాడు. 2021లో సూయజ్ కాలువకి అడ్డం పడ్డ ఎవర్ గివెన్ ఓడ విషయంలో గాలితో పాటు అతని పేరూ వినిపించింది. బ్యాంక్ అన్న మాట విని మా నాన్న, "ఈఎంఐ కట్టలేదట్రా?" అన్నారు.

1992లో అమెరికా తీరంలో "క్వీన్ ఎలిజబెత్ 2" అనే ఓడ సముద్రం అడుగున రాయికి తగిలినప్పుడూ మిమ్మల్ని తక్కువ లెక్కేశారట. అది చదివాకే నిన్న రాత్రి అన్నం సయించింది.

పొద్దున పిల్లల్ని హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి తీసుకెళ్ళాను. లాంచీ నడిపే అతన్ని ఇక్కడ లోతెంత అని అడిగాను.

"ఎందుకన్నా, ఈత రాదా?"