కప్ప ఎత్తితే కథ, ఆమె ఎత్తితే రాజకీయం

కామిక్స్‌లోకి రాజకీయాలు చొరబడ్డాయట. వారానికోసారైనా ఎవరో ఒకరు ఈ మాట నా చెవిన వేస్తారు, అదీ చావు కబురు చెప్పే గొంతుతో. మొన్న చెప్పినాయన అయితే మరీనూ. నలభై దాటిన మనిషి. ఉద్యోగం, బీపీ, బట్టతల అన్నీ సకాలంలో వచ్చినవాడు. "నా థోర్‌ని పాడు చేశారండీ" అన్నాడు. థోర్ అంటే మార్వెల్ కామిక్స్‌లో సుత్తి పట్టిన ఉరుముల దేవుడు. ఆ సుత్తిని ఓ ఆడమనిషి చేతికిచ్చారని ఈయన బాధ. కన్నీళ్లొక్కటే తక్కువ.

"మేం చదివే రోజుల్లో కథంటే కథే. ఆడా మగా, నలుపూ తెలుపూ అనే గొడవే లేదు. ఇప్పుడంతా ఐడెంటిటీ పాలిటిక్స్."

ఆయన బాధను నేను గౌరవిస్తాను. సంప్రదాయం అన్నాక కాపాడుకోవాల్సిందే. కాకపోతే కాపాడేముందు అదేమిటో ఒకసారి చూసుకోవాలి కదా అని, వాల్టర్ సైమన్సన్ రాసిన 1986 నాటి థోర్ సంచికలు బయటికి తీశాను.

అందులో థోర్ ఒక కప్ప.

అలంకారం కాదు, నిజంగానే కప్ప. లోకి అనే మాయల దేవుడు మాయ చేస్తే ఉరుముల దేవుడు కాస్తా పచ్చటి కప్పయి, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పడతాడు. అక్కడ కప్పలకూ ఎలుకలకూ యుద్ధం నడుస్తుంటుంది. సాక్షాత్తూ దేవతల రాజు ఓడిన్ కుమారుడు కప్పల పక్షాన బరిలోకి దిగుతాడు. చివరికి తన సుత్తి దగ్గరికి గెంతుకుంటూ వెళ్లి, ఆ బుల్లి ముంగాళ్లతో పట్టుకుని ఎత్తుతాడు. మెరుపులు, ఉరుములు. చూస్తే ఎదురుగా మనిషంత కప్ప! నెత్తిన రెక్కల హెల్మెట్, వీపున ఎర్ర కేప్, చేతిలో సుత్తి.

ఆ సుత్తి అల్లాటప్పా సుత్తి కాదు. అర్హత లేనివాడు అంగుళం కదపలేడు. అర్హుడైతే "అతనికి" థోర్ శక్తి దక్కుతుందని దాని మీద ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. పుంలింగమే, అనుమానం లేదు. మరి కప్ప సుత్తి ఎత్తినప్పుడు ఆ సర్వనామాన్ని ఎవరైనా ఎత్తి చూపారా? అంతకు మూడేళ్ల ముందు, 1983లో, గుర్రం మొహమున్న బీటా రే బిల్ అనే గ్రహాంతరవాసి కూడా ఎత్తాడు. అతనూ మనవాడే అనుకున్నారు. 2014లో జేన్ ఫోస్టర్ అనే స్త్రీ ఎత్తింది. సుత్తి మీద "అతనికి" కాస్తా "ఆమెకు" అయింది. అంతే, నాగరికత కూలిపోయింది.

నాకైతే ఒక ఇంటర్వ్యూ బోర్డు కనిపిస్తుంది. పొడవాటి బల్ల, వెనకాల ముగ్గురు అభిమానులు. ముందు గుర్రం మొహం వస్తుంది. "ఏ గ్రహం? చాలా దూరం నుంచి వచ్చారే! కూర్చోండి, కాఫీ తాగుతారా?" సెలెక్టెడ్. తర్వాత కప్ప ఒక్క గెంతున కుర్చీ ఎక్కుతుంది. "కప్పగారూ, అనుభవం?" బెకబెక. "ఎలుకలతో యుద్ధం చేశారా! శభాష్. బలహీనతలు ఏమైనా?" బెక. "ఎంత వినయమండీ!" సెలెక్టెడ్. తర్వాత జేన్ వస్తుంది. బోర్డు సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఏమ్మా, నిన్నెవరు పంపారు? నీ ఎజెండా ఏంటి? వాస్తవికత అనేది ఒకటి ఉంటుంది కదా?" పక్క కుర్చీలో కప్ప అవునవునని తలూపుతుంది.

అసలు తెలుగువాడికి ఈ గొడవ తలకెక్కడమే కష్టం. మన వ్యాకరణంలో ఏకవచనానికి వచ్చేసరికి ఆడమనిషైనా కప్పైనా క్రియ ఒకటే. కప్ప సుత్తి ఎత్తింది, జేన్ సుత్తి ఎత్తింది. రెండూ అమహత్తే, అంటే మగవాడికి వాడని రూపమే. (మన పెద్దలు ఏ ఉద్దేశంతో అలా ఒక గాటన కట్టారన్నది వేరే పంచాయితీ.) ఈ అభిమానులు మన వ్యాకరణాన్ని కూడా మించిపోయారు. కప్పకు మహత్తుగా ప్రమోషన్ ఇచ్చి, జేన్‌ను మాత్రం ఉన్నచోటే ఉంచారు.

పోనీ ఆ కథ చదివారా అంటే అదీ లేదు. జేన్‌కు క్యాన్సర్. సుత్తి పట్టి థోర్‌గా మారిన ప్రతిసారీ, ఆమె ఒంట్లోని కీమో మందును విషమనుకుని ఆ మంత్రశక్తి కడిగేస్తుంది. లోకాన్ని కాపాడిన కొద్దీ రోగం ముదురుతుంది. అది తెలిసే ఆమె మళ్లీ మళ్లీ సుత్తి పడుతుంది. ఇంతకన్నా వీరత్వం ఏ సుత్తికి కావాలి? మొన్నటాయన్ని అడిగాను. "చదవలేదండీ, ఎవరో వీడియోలో చెప్పారు" అన్నాడు. జేన్ చేతికి సుత్తి రావడం కూడా కొత్త కాదు. "ఇలా జరిగితే?" అంటూ మార్వెల్ 1978లోనే ఆ కథ వేసింది.

ఇక పాత రోజుల అమాయకత్వం. కెప్టెన్ అమెరికా అనే కామిక్ హీరో 1941 మార్చి తేదీతో వచ్చిన తన తొలి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టాడు. అప్పటికి అమెరికా యుద్ధంలోకే దిగలేదు. బహుశా అది రాజకీయం కాదు, దంతవైద్యం.

నలుపూ తెలుపూ గొడవే లేదన్నాడు కదా, ఆ సంగతి కూడా చూద్దాం. 1956లో ఈసీ కామిక్స్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ తన పాత కథనొకదాన్ని మళ్లీ వేయబోయింది. ఒక గ్రహం మీద నారింజ రంగు రోబోలు నీలం రోబోలను వేరుగా పెట్టి, తక్కువగా చూస్తుంటాయి. తనిఖీకి వచ్చిన భూలోక వ్యోమగామి, మీరింకా మాతో కలవడానికి సిద్ధంగా లేరని చెప్పి వెళ్లిపోతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లజాతి మనిషి. నుదుటి మీద చెమట చుక్కలు మెరుస్తుంటాయి. అచ్చుకు ముందే కామిక్స్‌ను తనిఖీ చేసి ముద్ర వేసే కామిక్స్ కోడ్ సంస్థ అధిపతి, జడ్జిగా చేసిన పెద్దమనిషి, ఆ మనిషి నల్లగా ఉండకూడదన్నాడు. కథంతా అందుకే కదయ్యా అంటే, పోనీ ఆ చెమట చుక్కలైనా తీసేయమన్నాడు.

చెమట! ఎందుకు తీయాలి? ఆ బొమ్మ మరీ మనిషిలా ఉందనా? అదండీ ఐడెంటిటీ పాలిటిక్స్ అంటే. ముద్ర వేసే అధికారం చేతిలో పెట్టుకుని, ఒక మనిషి చెమటను కూడా అభ్యంతరకరం అనడం. ఆ రోజుల్నే వీళ్లు "గొడవ లేని రోజులు" అంటున్నారు. గొడవ ఎందుకుంటుంది, రబ్బరు మీ చేతిలో ఉంటే? ప్రచురణకర్త బిల్ గెయిన్స్ లొంగలేదు. చెమట చుక్కలతో సహా అచ్చేశాడు. ఈసీ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే.

స్టూడియోల వాళ్లేదో ఉద్ధరిస్తున్నారని కూడా అనను. 2019లో మార్వెల్ వాళ్ల ఎవెంజర్స్ ఎండ్‌గేమ్‌లో స్వలింగ సంపర్కుడైన పాత్ర పెట్టామని గొప్పగా చెప్పుకున్నారు. 181 నిమిషాల సినిమాలో ఆ మనిషికి దక్కింది ఒక్క సీన్, అందులో కొన్ని మాటలు. పేరు కూడా పెట్టలేదు. ఆ వేషం దర్శకుల్లో ఒకరే వేసేశారు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన ఇద్దరు కుర్రాళ్ల నుంచి హక్కులను 130 డాలర్లకు కొట్టేసిన పరిశ్రమ ఇది. దీని ఉదారత ఎప్పుడూ ఆ కొలతలోనే ఉంటుంది.

మొన్నటాయన వెళ్లబోతుంటే రెండు సంచికలు ముందు పెట్టాను. ఒకటి జేన్‌ది, ఒకటి కప్పది. అటూ ఇటూ తిప్పి చూసి, కప్పది తీసుకున్నాడు. "ఇది కాస్త నమ్మేలా ఉందండీ."