క్వీన్ కథ లైవ్ ఎయిడ్‌తో అయిపోలేదు మహాప్రభో

మొన్న ఆదివారం మా బావమరిది కొత్త కార్లో స్పీకర్లు ఎలా ఉన్నాయో వినిపిస్తానని నన్ను ఔటర్ మీద ఒక రౌండు తిప్పాడు. పెట్టింది క్వీన్, ఆ ఇంగ్లీషు రాక్ బ్యాండ్. సంతోషం. వి విల్ రాక్ యూ, బొహీమియన్ రాప్సొడీ, రేడియో గాగా, మళ్ళీ వి విల్ రాక్ యూ. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఇవే. ఒరేయ్, ఒక్కసారి వాళ్ళ ఇన్యుఎండో పాట పెట్టరా అన్నా. "అది కూడా వాళ్ళదేనా బావా? సినిమాలో లేదే?" అన్నాడు. అదిగో, అక్కడ కాలింది నాకు. ఈ పోస్టు పెద్దదే, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

2018లో బొహీమియన్ రాప్సొడీ పేరుతోనే వాళ్ళ మీద ఆ సినిమా వచ్చింది, అందరూ చూశారు, అందరూ ఫ్యాన్స్ అయిపోయారు, మంచిదే. కానీ అది 1985 జూలై 13 దగ్గర, లండన్ వెంబ్లీ స్టేడియంలో కరువు బాధితుల కోసం చేసిన లైవ్ ఎయిడ్ షోతో ఆగిపోతుంది. పైగా బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఆ షోకి ముందే తన జబ్బు సంగతి బ్యాండ్ వాళ్ళకి చెప్పేసినట్టు చూపించారు. ఆయనకి హెచ్ఐవీ అని తేలింది 1987లో అని ఆయనతో కలిసి బతికిన జిమ్ హటనే చెప్పాడు. అంటే క్లైమాక్స్‌లో కర్చీఫులు తడవడానికి రెండేళ్ళు ముందుకి లాగేశారన్నమాట. సర్లే, సినిమావాళ్ళ తిప్పలు వాళ్ళవి, మన బయోపిక్కులేమన్నా తక్కువ తిన్నాయా. నా ఏడుపు అది కాదు. లైవ్ ఎయిడ్ తర్వాత ఆ మనిషి ఆరేళ్ళు బతికాడు, ఆ ఆరేళ్ళలో మూడు ఆల్బమ్‌లు వచ్చాయి, ఆయన పోయాక 1995లో మిగిలిన వాయిస్ ముక్కలన్నీ పోగేసి మేడ్ ఇన్ హెవెన్ అని ఇంకోటి తెచ్చారు, వీటిలో సగం పాటలు ఫ్యాన్స్ అని చెప్పుకునేవాళ్ళకి కూడా తెలీవు.

తెలిసినవాళ్ళతో ఇంకో గొడవ. వాళ్ళకి ఆ కాలం మొత్తం ఒక సంతాప సభ. ది షో మస్ట్ గో ఆన్ పెట్టుకోవడం, కళ్ళు తుడుచుకోవడం, అయిపోయింది. అది గొప్ప పాట, కాదన్నవాడికి చెవులు లేనట్టే. కానీ పక్కనే అదే ఇన్యుఎండో ఆల్బమ్‌లో ఆ మనిషి తన పిల్లి మీద పాట రాసుకున్నాడని తెలుసా? డిలైలా. ఆయన ఇంట్లో పిల్లుల్లో అన్నిటికంటే ముద్దుది. అది ఖరీదైన చిప్పెండేల్ సోఫాల మీద ఉచ్చ పోసిందని కంప్లైంట్ కూడా పాటలోనే పెట్టాడు, గిటారిస్ట్ బ్రయాన్ మే ఏమో గిటార్ శబ్దాన్ని నోటితో మాట్లాడించే టాక్ బాక్స్ తగిలించి మ్యావ్ మ్యావ్ అనిపించాడు. డ్రమ్మర్ రోజర్ టేలర్‌కి ఈ పాట అస్సలు నచ్చదు. చాలామంది ఫ్యాన్స్ కూడా ఛీ అంటారు. నాకు మాత్రం ప్రాణం. ఒంట్లో శక్తి లేని మనిషి స్టూడియోకి వచ్చి పిల్లి గురించి నవ్వుకుంటూ పాడాడంటే దాంట్లో ఉన్న దమ్ము ఎన్ని విషాద గీతాల్లో ఉంది చెప్పండి.

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ విన్నట్టు బిల్డప్ ఇస్తున్నా గానీ, ఇంజినీరింగ్ హాస్టల్లో నాకు దొరికింది ఒక ఎంపీత్రీ సీడీ. రూమ్మేట్ ఎక్కడో కాపీ కొట్టుకొచ్చాడు, నూట ఇరవై పాటలు, సగానికి పేర్లు లేవు, ట్రాక్ 07, ట్రాక్ 11, అంతే. అందులో ఒకటి మూడున్నర నిమిషాలుండేది, మొత్తం గిటారే, మధ్యలో కాసేపు మాత్రం ఒక గొంతు వచ్చి వెళ్ళిపోతుంది. ఫైల్ పాడైంది అనుకున్నా. నిజంగా. సగం పాట కట్ అయిపోయిందేమో అని ఏడాది పాటు అనుకుంటూనే రోజూ రాత్రి పడుకునే ముందు అదే వినేవాణ్ణి. తర్వాతెప్పుడో తెలిసింది, అది బీజూ, పాడవలేదు, కావాలనే అలా కట్టారు. మామూలుగా పాటలో చరణాలు గొంతు పాడుతుంది, మధ్యలో గిటార్ సోలో వస్తుంది కదా, దీన్ని తిరగేశారు. చరణాలు గిటార్ పాడుతుంది, సోలో రావాల్సిన చోట ఫ్రెడ్డీ వస్తాడు. నాలుగు ముక్కలు పాడి వెళ్ళిపోతాడు. ఆల్బమ్‌లో దీని వెంటనే వచ్చేది ది షో మస్ట్ గో ఆన్. ఆ రెండూ విడదీసి వినడం పాపం అంటాను నేను, షఫుల్ కనిపెట్టినవాణ్ణి ఏం చేసినా తప్పులేదు.

అదే ఆల్బమ్‌లో డోంట్ ట్రై సో హార్డ్ అని ఇంకోటుంది. గొంతు ఎంత పైకి వెళ్తుందంటే వింటున్న మనకి భయమేస్తుంది, ఎక్కడ తెగుతుందో అని. తెగదు. ఇన్యుఎండో టైటిల్ పాట గురించి నేను చెప్పక్కర్లేదేమో, ఆరున్నర నిమిషాల పాట, మధ్యలో యెస్ అనే ఇంకో బ్యాండ్ గిటారిస్ట్ స్టీవ్ హౌ వచ్చి స్పానిష్ గిటార్ వాయిస్తాడు, అంత పొడుగు పాట 1991 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అలాంటిది మా బావమరిదికి తెలీదు. సరే.

కొంచెం వెనక్కి వెళ్తే 1989లో ది మిరాకిల్. దానికి ముందు అనుకున్న పేరు ది ఇన్విజిబుల్ మెన్, రిలీజ్ దగ్గరపడ్డాక మార్చారు. అప్పటిదాకా పాట ఎవరు రాస్తే వాళ్ళ పేరు వేసేవాళ్ళు, డబ్బులూ వాళ్ళకే, ఏ పాట సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, రావాలి అనేదాని మీద గొడవలు కూడా. ఈ ఆల్బమ్ నుంచి రాసింది ఎవరైనా సరే క్వీన్ అనే వేశారు. కవర్ మీద నలుగురి మొహాలు కలిపేసి ఒకే మొహంలా చేసింది కూడా చూడండి (నిజం చెప్పాలంటే ఆ బొమ్మ చూస్తే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది). ఆల్బమ్ చివరి పాట వాజ్ ఇట్ ఆల్ వర్త్ ఇట్. డెబ్భైల్లో క్వీన్ ఎలా ఉండేదో, ఆ భారీ కోరస్‌లు, మధ్యలో ఆర్కెస్ట్రా హంగామా, మళ్ళీ ఆ బరువైన గిటార్, అన్నీ ఒక్క పాటలో. ఇన్నేళ్ళ ఈ బతుకు, ఈ సంగీతం, ఇదంతా పడ్డ కష్టానికి తగినదేనా అని తనని తనే అడుక్కుంటాడు. తన పరిస్థితి తెలిసి పాడుతున్నాడు, బయట మనకి తెలీదు అప్పటికి. మన సినిమా క్యాసెట్లలో బి సైడ్ చివర ఒక పాట ఉండేది గుర్తుందా, సినిమాలో కూడా ఉండదు, రివైండ్ చేసేటప్పుడు తప్ప ఎవరూ వినరు, అదే ఆ క్యాసెట్టులో బెస్ట్ పాట అయ్యుండేది. ఇది అలాంటిది.

బి సైడ్ అంటే గుర్తొచ్చింది, ఈ ఆల్బమ్ టైంలో సింగిల్స్ వెనక వేసిన పాటలు వినండి. ఐ వాంట్ ఇట్ ఆల్ వెనక హ్యాంగ్ ఆన్ ఇన్ దేర్, ది ఇన్విజిబుల్ మ్యాన్ వెనక హైజాక్ మై హార్ట్, ఇది రోజర్ టేలర్ పాడాడు. ఆల్బమ్ మొదట్లో పార్టీ అని ఒక నీరసం పాట పెట్టి వీటిని బయట పడేశారు, ఏ లెక్కన చేశారో దేవుడికే తెలియాలి. ఇంకో మాట, జాన్ డీకన్ అనే బాసిస్ట్ గురించి ఎవరూ మాట్లాడరు. 1986లో ఆయన రాసిన వన్ ఇయర్ ఆఫ్ లవ్ వినండి, గిటార్ సోలో ఉండాల్సిన చోట శాక్సఫోన్, వాయించింది స్టీవ్ గ్రెగరీ, జార్జ్ మైకేల్ పాట కేర్‌లెస్ విస్పర్‌లో వాయించిన ఆయనే. ఫ్రెడ్డీ ఆ పాటలో గొంతు చించుకుని మరీ పాడాడు.

ఇక మేడ్ ఇన్ హెవెన్‌లోని మదర్ లవ్. దీని గురించి రాయాలంటే చెయ్యి ఆడట్లేదు గానీ రాస్తా. 1991 మే, స్విట్జర్లాండ్‌లో మాంట్రూ, జెనీవా సరస్సు ఒడ్డున ఊరు. ఫ్రెడ్డీ నిలబడ్డం కూడా కష్టంగా ఉన్న మనిషి, మీరు ఏదైనా రాయండి నేను పాడేస్తా, తర్వాత మీరు పూర్తి చేసుకోండి అన్నాడట. బ్రయాన్ మే అక్కడికక్కడే కాగితం మీద లైన్లు రాసివ్వడం, డ్రమ్ మెషిన్ మీద ఈయన పాడటం. ఆఖరి చరణం దగ్గరికొచ్చాక అలిసిపోయా, మళ్ళీ వచ్చి పూర్తి చేస్తా అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. నవంబర్ 24న పోయాడు, నలభై అయిదేళ్ళకి. ఆ చరణం బ్రయాన్ మే పాడాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఈ కథ తెలీదు, చివర్లో గొంతు ఎందుకు మారిందా అనుకున్నా. తెలిశాక ఆ మార్పు దగ్గర ప్రతిసారీ ఆగిపోతా. ఆ తర్వాత వెంబ్లీ జనం చేత ఆయన పాడించిన ఆ రాగాలు వినిపిస్తాయి, చిట్టచివర ఒక పసిబిడ్డ ఏడుపు.

అదే మేడ్ ఇన్ హెవెన్ ఆల్బమ్‌లో ఎ వింటర్స్ టేల్ కూడా ఉంది, అదీ మాంట్రూలోనే రాసింది. సరస్సు, పక్షులు, చలికాలం ఆకాశం, అంతే పాటంతా. ఏడుపు లేదు, ఎంత బాగుందో చూడండి అన్నట్టు పాడతాడు. అందుకే చెప్తున్నా, సంతాప సభ పెట్టకండి. యూ డోంట్ ఫూల్ మీ అయితే ఏకంగా డాన్స్ పాట, చిన్న చిన్న వాయిస్ ముక్కలు తప్ప ఏమీ లేకపోతే ప్రొడ్యూసర్ డేవిడ్ రిచర్డ్స్ కూర్చుని అతికించి నిలబెట్టాడు.

ఎవరైనా వచ్చి ఎనభైల తర్వాత క్వీన్ అంతా సింథసైజర్ గోల అంటే కామెంట్లలో తేల్చుకుందాం. రెయిన్ మస్ట్ ఫాల్ ఒక్కదాని జోలికి మాత్రం నేను రాను, అది నిజంగానే సోది. వచ్చే ఆదివారం మళ్ళీ ఔటర్ ఎక్కుతున్నాం, ఈసారి బ్లూటూత్‌కి కనెక్ట్ అయ్యేది నా ఫోను.