మన ఊరియాలు బతికే ఉన్నారు

విభూది బుధవారం దగ్గరపడగానే కతోలికుల ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఈసారి తపస్సు కాలంలో ఏం మానేస్తున్నారు?" ఒకరు మాంసం అంటారు, ఒకరు కాఫీ, ఇంకొకరు ఫోన్లో రీల్స్ చూడటం. మంచిదే. నోరు కట్టుకోవడం తేలికేం కాదు. కానీ ఈ రోజులు ఏ పనికోసం పెట్టారో ఆ పని ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతోందని నాకు చాలాకాలంగా బాధ. ఎవరికి అన్యాయం చేశాం, వాళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నాం అని ఒకరినొకరు అడగడం నేను దాదాపు వినలేదు.

అన్ని మతాలవాళ్లూ చదివే పత్రిక కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. కిందటేడు మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు ఆశీర్వదించిన కొమ్మలను కాల్చిన బూడిదను విభూది బుధవారం గురువు (ఫాదర్) మన నుదుటి మీద రాస్తారు. "నీవు మట్టివి, తిరిగి మట్టిలో కలిసిపోతావు" అనో, "మారుమనస్సు పొంది సువార్తను నమ్ము" అనో అంటారు. ఆదివారాలు తీసేసి లెక్కేస్తే అక్కడి నుంచి ఈస్టర్ వరకు 40 రోజులు, అదే తపస్సు కాలం. నియమాలు చాలామంది అనుకునేంత కఠినమైనవి కావు. 1966లో ఆరవ పౌలు పోపుగారు వాటిని బాగా సడలించారు. ఇప్పుడు తప్పనిసరి ఉపవాసం రెండే రోజులు, విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. అదీ 18 ఏళ్లు నిండినవాళ్లకి, 60వ ఏట అడుగుపెట్టేవరకే. 14 ఏళ్లు నిండినవాళ్లు ఆ రెండు రోజులతో పాటు ఈ కాలంలో వచ్చే శుక్రవారాల్లోనూ మాంసం ముట్టరు. దేశాన్ని బట్టి చిన్నచిన్న తేడాలుంటాయి, అంతే. ప్రార్థన మీదా, తోటివాళ్లకు చేసే మేలు మీదా ధ్యాస పెట్టమని శ్రీసభ (మా చర్చి) కడుపు మీది భారం తగ్గించింది. ఆ తగ్గిన భారానికి బదులు మనం ఏం తలకెత్తుకున్నామన్నదే నా ప్రశ్న.

విభూది బుధవారం గడిచి రెండు రోజులు కాకముందే, శుక్రవారం పూజలో బైబిల్లోని యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం చదువుతారు. మీ ఉపవాసం రోజునే తగవులాడుకుంటున్నారు, పిడికిళ్లతో కొట్టుకుంటున్నారు, పనివాళ్లను పీడిస్తున్నారు, నేను కోరిన ఉపవాసం ఇదేనా అని దేవుడు అడుగుతాడు. ఆ తర్వాతి శుక్రవారం సువార్తలో యేసు ఇంకా సూటిగా చెబుతాడు. బలిపీఠం దగ్గర కానుక ఇవ్వబోతూ, నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి అతనితో సమాధానపడి రమ్మంటాడు. ఇక్కడ ఆయన మన కోపం గురించి మాట్లాడటం లేదు. మన మీద ఎదుటివాడి మనసులో ఉన్నదాని గురించి మాట్లాడుతున్నాడు. మనకు ఎవరి మీద కోపం ఉందో చప్పున చెప్పగలం. మన వల్ల ఎవరు నొచ్చుకుని దూరంగా ఉన్నారో చెప్పాలంటే కాసేపు కూర్చోవాలి. ఆత్మపరిశోధన అంటే నాకు అర్థమైనంతలో ఆ కూర్చోవడమే.

పశ్చాత్తాపం మాట వస్తే అందరూ దావీదు రాజును తలుచుకుంటారు. విభూది బుధవారం పూజలో పాడేది కూడా ఆయన పేరున్న 51వ కీర్తనే. దాని వెనక కథ మాత్రం తొందరగా దాటేస్తాం. దావీదు ఊరియా అనే సైనికుడి భార్యను తెచ్చుకున్నాడు. సంగతి బయటపడే పరిస్థితి వచ్చేసరికి ఊరియాను పోరు ఎక్కువగా ఉన్నచోట ముందు నిలబెట్టి, మిగతావాళ్లు వెనక్కి తగ్గండని సేనాపతికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తన చావు తనే మోసుకెళ్లాడు ఆ మనిషి. తర్వాత నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెబుతాడు. ఒక ఊళ్లో లెక్కలేనన్ని మందలున్న ధనవంతుడు, ఒక్క గొర్రెపిల్ల తప్ప ఏమీ లేని పేదవాడు ఉన్నారు. ఆ పిల్ల పేదవాడి పళ్లెంలో తిని, అతని గిన్నెలో తాగి, ఒడిలో పడుకునేది. ఇంటికి చుట్టం వస్తే ధనవంతుడు తన మందను ముట్టకుండా ఆ పిల్లను పట్టుకెళ్లి వండించాడు. దావీదు మండిపడ్డాడు: వాడు చావదగినవాడు, ఆ గొర్రెపిల్లకు నాలుగింతలు ఇచ్చుకోవాలి! నాతాను అన్నాడు, "ఆ మనిషివి నువ్వే."

దావీదు తన పాపం ఒప్పుకున్నాడు. అక్కడ నన్ను ఆపేది కీర్తనలోని ఒక మాట. "కేవలం నీకే విరోధంగా పాపం చేశాను" అని దేవునితో అంటాడు. మరి ఊరియాకి? పాపం అనేది చివరికి దేవుని ఎదుట నిలిచేదే అని ఆ వాక్యానికి పెద్దలు చెప్పే అర్థం నాకు తెలుసు, దాన్ని ఒప్పుకుంటాను. నాకు తోచే ఇంకో కారణం కూడా ఉంది: అప్పటికి ఊరియా చనిపోయాడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, నాలుగింతలు ఇచ్చుకోవడానికి చేయి లేదు. దావీదుకు మిగిలిన గుమ్మం దేవునిది ఒక్కటే. మన సంగతి అలా కాదు. మన ఊరియాలు చాలామంది బతికే ఉన్నారు, వాళ్ల ఫోన్ నంబర్లు మన దగ్గరే ఉన్నాయి. అయినా దావీదు మాట పట్టుకుని నేరుగా దేవుని దగ్గరికి వెళ్లిపోతున్నాం.

సువార్తలో కనిపించే పన్నుల వసూలుదారు జక్కయ్య అలా చేయలేదు. యేసు ఇంటికి వచ్చిన రోజే నిలబడి, నా ఆస్తిలో సగం పేదలకు ఇస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగిస్తాను అన్నాడు. దావీదు కోపంలో అన్న ఆ నాలుగింతలే. గొర్రెను దొంగిలించినవాడు నాలుగు గొర్రెలివ్వాలని మోషే ధర్మశాస్త్రం. దావీదు పక్కవాడి మీద వేసిన శిక్షను జక్కయ్య తనంతట తాను నెత్తిన వేసుకున్నాడు. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1459వ పేరా కూడా ఇదే చెబుతుంది: పాపక్షమాపణ పాపాన్ని తొలగిస్తుంది, కానీ పాపం తెచ్చిన నష్టాలన్నిటినీ సరిచేయదు. దొంగిలించింది తిరిగివ్వాలి, పోగొట్టిన పరువు తిరిగి నిలబెట్టాలి, గాయానికి పరిహారం చెల్లించాలి.

డబ్బు సంగతి కనీసం లెక్కకు అందుతుంది. ఆస్తి పంపకాల్లో అన్నయ్యకో చెల్లెలికో రావాల్సింది రాకుండా చేసినవాళ్లకు ఎంత అన్నది లోలోపల తెలుసు. పరువు విషయమే కష్టం. వాట్సాప్ గ్రూపులో ఒకరి కాపురం గురించో, ఒకరి ఉద్యోగం పోవడం గురించో నిజం తెలియకుండా నాలుగు మాటలు రాస్తాం. తర్వాత అది అబద్ధమని తేలుతుంది. అప్పుడు మెల్లగా మెసేజ్ డిలీట్ చేసి, పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) "పరనింద చేశాను ఫాదర్" అని రెండు మాటల్లో ముగించేస్తాం. అది సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఏ గ్రూపులో రాశామో అదే గ్రూపులో, అందరూ చూసేలా, "ఫలానా రోజు నేను రాసింది నిజం కాదు, తెలుసుకోకుండా రాశాను" అని రాయాలి. సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గు ఈ కాలమంతా చేసే ఉపవాసం కన్నా బరువైనది. పండగలప్పుడు అందరికీ ఒకేసారి పంపే "తెలిసో తెలియకో ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించండి" దానికి బదులు కాదు. అందులో ఏ తప్పో ఉండదు, ఎవరికి చేశామో ఉండదు.

ఒక్క జాగ్రత్త. క్షమించమని అడగడం మన వంతు, క్షమించడం వాళ్ల ఇష్టం. ఈస్టర్ వచ్చేస్తోంది కాబట్టి వాళ్లు తొందరగా మెత్తబడాలని కోరడం ఇంకో అన్యాయం. దెబ్బలు తిన్న భార్యనో, చిన్నప్పుడు హింస పడ్డ బిడ్డనో "తపస్సు కాలం కదా, మర్చిపో" అని ఒత్తిడి చేసే పెద్దమనుషులు దయచేసి ఆ పని మానుకోండి. మనం కనిపిస్తేనే భయపడేవాళ్లకు మనం చేయగల మేలు దూరంగా ఉండటం, చట్టం వేసే బాధ్యత మోయడం.

చేసిన నష్టం పూడ్చడమే సర్వం అని కూడా నేను అనడం లేదు. యేసును డబ్బుకు అప్పగించిన శిష్యుడు యూదా ఆ ముప్పై వెండి నాణేలను తిరిగిచ్చేశాడు, నిరపరాధిని అప్పగించి పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. ఇంకో శిష్యుడు పేతురు దగ్గర తిరిగివ్వడానికి ఏమీ లేదు. మూడుసార్లు "ఆయనెవరో నాకు తెలియదు" అన్నాడు, బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు, అయినా తోటి శిష్యులను వదలలేదు. తర్వాత సరస్సు ఒడ్డున యేసు అతన్ని మూడుసార్లు "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగాడు. యూదా డబ్బు వెనక్కిచ్చాడు కానీ యేసు దగ్గరికి రాలేదు. తన తప్పుకు క్షమాపణ లేదనుకుని కుమిలిపోతున్నవాళ్లు మనలో ఉన్నారు, పాపసంకీర్తనం ముఖ్యంగా వాళ్లకోసం. "ఫాదర్, చాలా ఏళ్లయింది, ఎలా చెప్పాలో మర్చిపోయాను" అంటే చాలు, మిగతాది గురువే నడిపిస్తారు. విన్నదాన్ని ఏ కారణంతోనూ ఆయన బయటపెట్టకూడదు. పెడితే శ్రీసభ నుంచి వెలి.

చివరగా ఒక ప్రతిపాదన. బైజాంటియన్ రీతిని (ఆరాధన పద్ధతిని) పాటించే తూర్పు క్రైస్తవుల్లో తపస్సు కాలం సోమవారం మొదలవుతుంది. ముందు రోజు వాళ్లకు క్షమాపణ ఆదివారం. సాయంత్ర ప్రార్థన చివర గురువుతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ ఒకరి ముందు ఒకరు వంగి, పాపిని, నన్ను క్షమించు అంటారు. దేవుడు క్షమిస్తాడు అని ఎదుటివారు జవాబిస్తారు. భర్త భార్యతో, అత్త కోడలితో, పిల్లలు తల్లిదండ్రులతో అంటారు. మా లాటిన్ రీతిలో బూడిద ఉంది, ఇది లేదు. విభూది బుధవారానికి ముందు ఆదివారం సాయంత్రం మన విచారణల్లోనూ (ఒక్కో గురువు చూసుకునే చర్చి పరిధుల్లోనూ) ఇలాంటి ప్రార్థన ఒకటి పెట్టుకోవచ్చు. బలిపూజ నియమాలకు దీనితో ఏ అడ్డూ రాదు. కమిటీ అక్కర్లేదు, ఖర్చు లేదు, అరగంట చాలు. ముందుగా మొహమాటపడేది పెద్దవాళ్లే కాబట్టి, వరసలో వాళ్లనే ముందు నిలబెట్టమని మీ విచారణ గురువుతో మాట్లాడి చూడండి.