ఎఫ్12 నొక్కాలా, ఎఫ్9 నొక్కాలా?

విండోస్ మళ్ళీ ఎక్కించడానికి ఒక్క బూటబుల్ పెన్‌డ్రైవ్ (కంప్యూటర్ దాన్నుంచే మొదలయ్యేలా చేసింది) చేసుకోవాలంటే ఇంత టెన్షనా? బీసెంట్ రోడ్డులో కొన్నదాని మీద 64 జీబీ అని అచ్చేశారు. నిజంగా పట్టేది 8. కొట్టువాణ్ణి అడిగితే "దానికి గ్యారంటీ లేదండీ" అంటాడు. అంకె వేసేటప్పుడు ఏమైందో ఆ మాట!

ఇంకోటి కొని విండోస్ అంతా ఒకే ఫైలుగా వచ్చే ఐఎస్ఓలోని ఫైళ్ళు కాపీ చేద్దామంటే, ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదట. పక్కన బోలెడు ఖాళీ ఉన్నా సరే! పోనీ బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో రాద్దామంటే సగంలో కరెంటు పోయింది. బెజవాడ ఎండాకాలం మరి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

అంతా అయ్యాక, కంప్యూటర్ దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ. ఒక కంపెనీకి ఎఫ్12, ఇంకోదానికి ఎఫ్9, మరోదానికి ఎస్కేప్. లోగో మెరిసి మాయమయ్యేలోపే నొక్కాలి. అన్నీ టకటకా బాదుతుంటే పాత విండోసే తెరుచుకుని "వెల్‌కమ్" అంటుంది. అందరూ కలిసి ఒకే మీట పెట్టుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది?