కిన్‌లాక్ దారికి గొలుసు ఎవరు కట్టారు?

అమెరికాలో జాతి గురించి చర్చ వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ బృందాల్లో ఒకే వాదన చేతులు మారుతూ ఉంటుంది. దానికి ఉదాహరణగా చూపేది మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగర శివార్లలో ఉన్న ఫెర్గూసన్ అనే చిన్న పట్టణాన్ని. వాదన క్లుప్తంగా ఇది: అది ఒకప్పుడు తెల్లవారి ఊరు, తర్వాత నల్లవారి ఊరైంది. ఎవరూ ఎవరినీ ఆపలేదు, ఎవరి ఇష్టం కొద్దీ వారు వచ్చారు, వెళ్ళారు. 1968 నుంచి చట్టం అందరికీ ఒకటే. సంఖ్యాబలం ఉండి కూడా వాళ్ళు ఊరిని పాలించుకోలేకపోయారు. రెండు సూట్‌కేసులతో దిగిన మనం ఇళ్ళు కొనుక్కున్నాం కదా, వాళ్ళకు ఏమి అడ్డొచ్చింది?

ఇందులో ఊరి జనాభా మారిందన్న ఒక్క మాటే నిజం. 1970 జనగణన నాటికి ఫెర్గూసన్‌లో దాదాపు 99 శాతం తెల్లవారు. 1990లో తెల్లవారు 74 శాతం, నల్లవారు 25 శాతం. 2000 నాటికి నల్లవారు 52 శాతానికి చేరారు. 2010లో 21,203 మంది ఉన్న ఊళ్ళో నల్లవారు 67 శాతం, తెల్లవారు 29 శాతం. నలభై ఏళ్ళలో ఊరు ఇంతగా మారింది. కాని ఆ మార్పు దానంతట అదే వచ్చిందని ఎవరైనా అంటే, వారు పక్క ఊరి పేరు ఎన్నడూ వినలేదనే అనుకోవాలి.

ఆ పక్క ఊరు కిన్‌లాక్. 1948లో సొంత పురపాలిక ఏర్పరచుకున్న నల్లవారి ఊరది. తక్కిన శివార్లలో స్థలం అమ్మడానికి ఎవరూ ఒప్పుకోని రోజుల్లో నల్లజాతి కుటుంబాలు కొనుక్కోగలిగిన కొద్ది చోట్లలో ఒకటి. 1960లో అక్కడ 6,501 మంది ఉండేవారు. బడులు, చర్చీలు, దుకాణాలు అన్నీ ఉండేవి. ఫెర్గూసన్‌కు దానికి మధ్య గట్టిగా నడిస్తే కొద్ది నిమిషాల దూరం. అయినా రెండు ఊళ్ళనూ కలిపే ముఖ్యమైన దారికి ఫెర్గూసన్ వారు గొలుసు కట్టి, కట్టుబడి సామగ్రి అడ్డం పెట్టారు. 1968 దాకా ఆ దారి మూసే ఉంది. రెండో దారి మాత్రం పగటిపూట తెరిచి ఉంచేవారు. ఎందుకంటే ఫెర్గూసన్ ఇళ్ళలో అంట్లు తోమడానికి, పిల్లల్ని ఆడించడానికి కిన్‌లాక్ ఆడవాళ్ళు రావాలి. చీకటి పడేసరికి వాళ్ళు వెళ్ళిపోవాలి. పని కావాలి, పని చేసే మనిషి పొరుగున ఉండకూడదు. ఊరికీ వాడకూ మధ్య గీత ఎలా పడుతుందో తరతరాలుగా చూసిన తెలుగువారికి ఇంతకు మించి వివరించనక్కరలేదు. "ఎవరూ ఎవరినీ ఆపలేదు" అన్న సందేశాన్ని నొక్కి పంపేవారు ఆ గొలుసును ఒక్కసారి కళ్ళ ముందు ఊహించుకోవాలని కోరుతున్నాను.

గొలుసు కంటికి కనబడుతుంది. పటం మీది గీత కనబడదు, కాని అదే ఎక్కువ కాలం పనిచేసింది. కిన్‌లాక్‌తో ఒకే పాఠశాల జిల్లాలో (అంటే స్థానిక పన్నులతో బడులు నడిపే ప్రాంతంలో) ఉన్న తెల్లవారు 1937లో బర్కిలీ అనే పేరుతో వేరే పురపాలిక పెట్టుకున్నారు. తమ బడులను, తమ పన్నులను నల్లవారి బడుల నుంచి విడదీసుకోవడమే దాని ఉద్దేశం. దాని ఫలితంగా కిన్‌లాక్ పిల్లలకు మిగిలింది పన్నుల ఆదాయం దాదాపు లేని జిల్లా. ఆ తప్పును దిద్దడానికి ఫెడరల్ న్యాయస్థానం 1975లో కిన్‌లాక్, బర్కిలీ జిల్లాలను ఫెర్గూసన్ జిల్లాతో కలపమని ఆదేశించవలసి వచ్చింది. ఇవన్నీ ఎవరి ఇష్టాయిష్టాలో అయితే కోర్టుకు అక్కడ పనేముంది?

ఇక చట్టం 1968 నుంచి సమానమే కదా అన్న మాట. ఆ ఏడాది గృహవసతిలో వివక్షను నిషేధించే చట్టం వచ్చిన మాట నిజమే. అదే ఏడాది సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు కూడా ఉంది. ఫెర్గూసన్‌కు ఉత్తరాన, కొద్ది మైళ్ళలోనే ఉన్న పాడక్ వుడ్స్ అనే కొత్త కాలనీలో జోన్స్ దంపతులు ఇల్లు కొనబోతే, భర్త నల్లవాడన్న కారణంతో బిల్డరు అమ్మనన్నాడు. ఆస్తి అమ్మకంలో జాతి వివక్ష చెల్లదని 1866 నాటి పౌరహక్కుల చట్టమే చెబుతోందని కోర్టు తేల్చింది. 1866లో చేసిన చట్టం ఒక ఇంటి తలుపు దాకా రావడానికి నూట రెండేళ్ళు పట్టింది. ఆ మధ్య కాలంలో జరిగిన నష్టాన్ని ఏ తీర్పూ వెనక్కి తిప్పలేదు. 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ శివారు కాలనీలకు రుణ హామీలు ఇచ్చింది. నల్లవారికి అమ్మకూడదన్న షరతును దస్తావేజుల్లో రాయించమని ఆ సంస్థ నియమావళే సిఫారసు చేసేది. ఆ రోజుల్లో తక్కువ వడ్డీకి ఇల్లు కొన్న తెల్ల కుటుంబాలకు ఆ ఇల్లే పిల్లల చదువైంది, తర్వాతి తరం కొనే ఇంటికి ముందస్తు చెల్లింపైంది. ప్రభుత్వం అండగా నిలిచిన ఆ మెట్టు నల్ల కుటుంబాలకు దక్కలేదు.

పైగా చట్టం రాగానే అడ్డుకునే పద్ధతులు ఆగలేదు, రూపం మార్చుకున్నాయి. 1970లో ఫెర్గూసన్‌కు సమీపంలోనే, అన్ని జాతులవారికీ అందుబాటు ధరలో అపార్టుమెంట్లు కడతామన్న ప్రతిపాదన వచ్చింది. వెంటనే అక్కడి తెల్లవారు బ్లాక్ జాక్ పేరుతో పురపాలిక ఏర్పాటు చేసుకుని, అపార్టుమెంట్లే కట్టరాదని నిబంధన తెచ్చారు. 1974లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం వచ్చిన రెండేళ్ళకే ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి.

"తెల్లవారు తమంతట తాము వెళ్ళారు, నేరాలు పెరిగాయి కాబట్టి" అన్న మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. భద్రత గురించి భయపడటం తప్పు కాదు. మంచి ఇల్లు, మంచి బడి వెతుక్కుంటూ ఫెర్గూసన్‌ను కోరి ఎంచుకున్న నల్ల కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. వాళ్ళు వచ్చింది మధ్యతరగతి ఊరికి, మధ్యతరగతి జీవితం కోసం. కాని భయం ఎవరికి లాభమైంది? సెయింట్ లూయిస్ ఉత్తర శివార్లలో ఇళ్ళ ఏజెంట్లు వీధిలోకి ఒక నల్ల కుటుంబం రాగానే "ధరలు పడిపోతాయి, ఇప్పుడే అమ్మేయండి" అని తెల్లవారిని తొందరపెట్టి, చవగ్గా కొన్న ఆ ఇళ్ళను నల్లవారికి ఎక్కువ ధరకు అమ్మారు. నల్లవారు తమవారి మధ్యే ఉండాలనుకుంటారన్న మాటకూ ఆధారం లేదు. 1976లో డెట్రాయిట్ ప్రాంతంలో జరిగిన ప్రసిద్ధ సర్వేలో నల్లవారిలో అత్యధికులు సగం సగం కలిసి ఉండే వీధినే కోరుకున్నారు. అలాంటి వీధి నుంచి పారిపోతామన్నది తెల్లవారే.

ఇక కిన్‌లాక్ ఏమైందో చెప్పాలి. అది చెప్పకపోతే ఫెర్గూసన్ అంకెలు అర్థం కావు. పక్కనే ఉన్న లాంబర్ట్ విమానాశ్రయం కోసం, విమానాల రొద పేరుతో, 1980ల నుంచి సెయింట్ లూయిస్ నగరం కిన్‌లాక్ ఇళ్ళను ఒక్కొక్కటిగా కొని పడగొట్టింది. 1990లో 2,702 మంది మిగిలారు. 2000లో 449. 2010లో 298. ఇల్లు పోయినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు చెదిరిపోయారు. వారిలో చాలామంది ఫెర్గూసన్ ఆగ్నేయ మూలన, మిగతా ఊరికి ఎడంగా ఉన్న అపార్టుమెంట్లలో చేరారు. 2014 ఆగస్టు 9న పద్దెనిమిదేళ్ళ నల్లజాతి యువకుడు మైకేల్ బ్రౌన్‌ను పోలీసు అధికారి కాల్చి చంపిన కాన్‌ఫీల్డ్ వీధి ఉన్నది ఆ మూలనే. తమ ఊరిని పడగొడితే వలస వచ్చిన వారిని చూపించి, ఇష్టపడి వచ్చారనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

సంఖ్యాబలం ఉండి పాలించుకోలేకపోయారన్న మాటకు జవాబు చిన్నదే. 2014లో మేయరు తెల్లవాడు, ఆరుగురు కౌన్సిల్ సభ్యుల్లో నల్లజాతి సభ్యుడు ఒక్కడు, యాభైకి పైబడిన పోలీసుల్లో నల్లవారు నలుగురు. స్థానిక ఎన్నికలు ఏ పెద్ద ఎన్నికతోనూ కలవకుండా ఏప్రిల్‌లో జరిగేవి. 2013లో ఓటేసింది సుమారు 12 శాతం. ఇల్లు అద్దెకు తీసుకుని తరచూ మారే యువ కుటుంబాలకంటే, దశాబ్దాలుగా సొంత ఇంట్లో ఉన్న పెద్దలకు అలాంటి ఎన్నికలు అనుకూలం. ఇక పాలన ఎవరి మీద నడిచిందో అమెరికా న్యాయశాఖ 2015 మార్చి నివేదిక చెప్పింది: జనాభాలో 67 శాతమైన నల్లవారు, పోలీసులు వాహనం ఆపించిన వారిలో 85 శాతం, జరిమానా చీటీలు అందుకున్నవారిలో 90 శాతం, అరెస్టయినవారిలో 93 శాతం. 2015 బడ్జెట్లో కోటీ ముప్ఫై లక్షల డాలర్ల పైచిలుకు ఆదాయంలో ముప్ఫై లక్షలకు పైగా జరిమానాల నుంచే వస్తుందని పట్టణం అంచనా వేసుకుంది. ఇంతా జరిగాక ఓటర్లు కదిలారు. 2015 ఏప్రిల్‌లో కౌన్సిల్‌లో నల్లజాతి సభ్యులు ముగ్గురయ్యారు, 2020లో ఎల్లా జోన్స్ ఆ పట్టణానికి తొలి నల్లజాతి మేయరుగా గెలిచారు. పాలించుకోలేకపోయారన్న సందేశం పంపేవారు ఈ రెండు సంవత్సరాలనూ వదిలేస్తున్నారు.

మిగిలింది మన సూట్‌కేసుల మాట. అందులో చదువు, పట్టా, ఉద్యోగం ఇచ్చే సంస్థ నుంచి ఉత్తరం కూడా ఉన్నాయి. 1965 వలస చట్టం జాతి కోటాలు తీసేసి నైపుణ్యం ఉన్నవారికి తలుపు తెరిచింది. అంతకుముందు 1923లో అదే సుప్రీంకోర్టు, భగత్‌సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవారు కాదు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. సెయింట్ లూయిస్‌లో లాబడీ అవెన్యూలోని ఇళ్ళ మీద 1911లో రాసుకున్న ఒప్పందాన్ని కూడా చదవండి. నీగ్రో జాతివారు గానీ మంగోలియన్ జాతివారు గానీ యాభై ఏళ్ళపాటు అక్కడ ఉండరాదన్నది ఆ షరతు. ఆసియావారిని కూడా ఆ కాగితం వదల్లేదు. దాన్ని న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో తీర్పు సాధించింది షెల్లీ అనే నల్లజాతి కుటుంబం. ఇరవై ఏళ్ళ తర్వాత పాడక్ వుడ్స్ కోసం పోరాడి గెలిచింది జోన్స్ దంపతులు. ఈ రోజు ఫెర్గూసన్ ఉన్న సెయింట్ లూయిస్ కౌంటీలోనే పడమటి వైపు బాల్విన్‌లోనో చెస్టర్‌ఫీల్డ్‌లోనో ఒక తెలుగు కుటుంబం ఇల్లు చూడటానికి వెళితే, నీ జాతివారికి అమ్మను అని చెప్పే అధికారం యజమానికి లేకుండా చేసింది ఆ తీర్పే.