ఊహాదేశంలో అన్యాయానికి పది మార్కులు

ప్రపంచ పటంలో కనపడని దేశం ఒకటుంది. పేరు ఏడాదికోసారి మారుతుంది. ఓసారి ఇండికా, ఓసారి ఆర్యవనం, ఎవరికీ ఏమీ తోచని ఏడాది భారతానా. ఆ దేశంలో అన్యాయానికి కొదవ లేదు. మురుగు గుంతలో దిగినవాళ్లు పైకి రారు, ఊరి బావి దగ్గర ఎవరినో కొడతారు, ఫ్యాక్టరీ నీళ్లు ఏట్లో కలుస్తాయి. అదృష్టం ఏమిటంటే అక్కడి రాజ్యాంగమూ చట్టాలూ పొల్లు పోకుండా మనవే. అంతకన్నా పెద్ద అదృష్టం, అక్కడ ఏ ఘోరం జరిగినా రెండు పక్షాలా వాదించడానికి మన లా విద్యార్థులు నల్లకోటు తొడుక్కుని సిద్ధంగా ఉంటారు. దీన్ని, అంటే కల్పిత కేసు మీద నడిపే ఉత్తుత్తి కోర్టుని, మూట్ కోర్టు అంటారు.

లా కాలేజీల్లో సామాజిక న్యాయం లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. లేకపోవడమేమిటి, తూకం వేసి మరీ ఇస్తున్నారు. లా చదువుకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ మూడు మూట్లు చెయ్యాలి. ఒక్కోదానికి 10 మార్కులు. అందులో రాతకి 5, నోటి వాదనకి 5. రాసేదాన్ని మెమోరియల్ అంటారు. పిటిషనర్ అట్ట నీలం, రెస్పాండెంట్ అట్ట ఎరుపు. లోపల తీర్పుల జాబితా, కోర్టు పరిధి, సంగతులు, వివాదాంశాలు, వాదనల సారాంశం, వాదనలు, చివర ప్రార్థన, అంటే కోర్టుని కోరేది. ఫుట్‌నోట్‌లో కామా తప్పితే మార్కు కోస్తారు. చనిపోయిన కార్మికుడి పేరు తప్పు పడితే కొయ్యరు. ఊహాదేశంలో అతనికి పేరుండదు, 'ఎక్స్' అంటారు.

విషయ పరిజ్ఞానంలో మాత్రం మనవాళ్లకి వంక పెట్టలేం. రక్షణ సామగ్రి లేకుండా మురుగు గుంతల్లోకి మనుషుల్ని దింపడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ఏడో సెక్షన్ నిషేధించిందనీ, దింపినవాడికి మొదటిసారి రెండేళ్ల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడతాయనీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. గుంతలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పిందనీ చెబుతారు. హాస్టల్ వెనక సెప్టిక్ ట్యాంకు ఎవరు ఖాళీ చేస్తారు, ఎలా చేస్తారు అంటే మాత్రం తెలీదు. అది సిలబస్‌లో లేదు.

ఊహాదేశానికి ఇంకో సుఖం కూడా ఉంది. అక్కడ ప్రిన్సిపాల్ ఉండడు. హాల్‌టికెట్ ఆపేవాడు ఉండడు. 'మీ నాన్నగారిని రమ్మను' అనేవాడు అసలే ఉండడు.

ఊరి బావి దగ్గర దెబ్బల సమస్య వచ్చిన ఏడాది 1989 అట్రాసిటీ చట్టంలో మూడో సెక్షన్ ఉపసెక్షన్లు, వాటి కింద బ్రాకెట్లలో చిన్న అక్షరాలతో సహా, గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. పద్దెనిమిదో సెక్షన్ కింద ముందస్తు బెయిలు రాదని కూడా అంటారు. చుండూరు అంటే మాత్రం తెనాలి దాటాక వచ్చే స్టేషన్ కదా అని అడుగుతారు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పట్టుబట్టి నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. ఆ కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. మూట్ సమస్యకి ఇంతకన్నా ఏం కావాలి, సాక్ష్యం ఉంది, ఆలస్యం ఉంది, అప్పీలు ఉంది. కానీ ఆ ఊరు నిజంగా ఉంది. నిజంగా ఉన్న ఊళ్లు 'సెన్సిటివ్' కిందికి వస్తాయి.

జట్టుకి ముగ్గురు. ఇద్దరు వాదిస్తారు, ఒకరు రీసెర్చర్. తెలుగు మీడియంలో చదివొచ్చినవాడికి సాధారణంగా ఆ మూడో కుర్చీ ఖాయం. తీర్పులు వెతికేది అతనే, జిరాక్సు తీసేది అతనే, వాదన మధ్యలో చీటీలు అందించేదీ అతనే. జడ్జి ప్రశ్న వేస్తే మాత్రం నోరు విప్పకూడదు, రూలు ఒప్పుకోదు. కింది కోర్టులో కథ తిరగబడుతుంది. సాక్షి బోనెక్కి 'ఆయన నా గట్టు జరిపాడండీ' అంటాడు. ఇంగ్లిషులో కప్పు గెలిచిన వక్తకి గట్టు అంటే ఏమిటో, అది ఎలా జరుగుతుందో పక్కవాడు చెవిలో చెప్పాలి. చెప్పే పక్కవాడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక న్యాయ సహాయ శిబిరం. ప్రతి లా కాలేజీలో సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలన్నది కూడా బార్ కౌన్సిల్ నిబంధనే. కాబట్టి ఉంటుంది. గది తాళం ఎవరి దగ్గరుందన్నది వేరే ప్రశ్న. శిబిరానికి కావలసిన సామగ్రి: ఫ్లెక్సీ ఒకటి (మధ్యలో కరస్పాండెంట్ గారు, మూలన కళ్లకి గంతలతో న్యాయదేవత), కాలేజీ బస్సు, పులిహోర పొట్లాలు, 39-ఎ అధికరణం అచ్చేసిన కరపత్రాలు, మంచి కెమెరా ఉన్న ఫోను. పదకొండింటికి ఊరు చేరాలి, ఒంటిగంటకి బయల్దేరాలి. ఊరివాళ్లు పొలం నుంచి వచ్చేది సాయంత్రం కనుక రద్దీ బాధ లేదు.

ప్రమాదం ఎక్కడ ఉంటుందంటే, ఎవరో ఒక పెద్దావిడ ఇంటి దగ్గరే ఉండిపోయి, నిజంగానే సందేహం పట్టుకొస్తుంది. 'బిడ్డా, నాకు ఎకరం పది గుంటలుండాలె. పాసుబుక్కుల రెండు గుంటలు తక్కువ పడ్డది. ఎవల్ని అడగాలె?' విద్యార్థి గొంతు సవరించుకుంటాడు. 'అమ్మా, 39-ఎ అధికరణం ప్రకారం ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు మీకుంది.' ఆవిడ తల ఊపుతుంది. 'అది సరే బిడ్డా, రెండు గుంటలు?'

తప్పు కుర్రాడిది కాదని మనవి. అతను ల్యాండ్ లాస్ (భూమి చట్టాల) పేపరు పాసయ్యాడు, కోఠిలో కొన్న గైడు చదివి. ఆ గైడులో ఉన్నది 1971 పాసుపుస్తకాల చట్టం. తెలంగాణలో దాని స్థానంలో 2020లో ఇంకోటి వచ్చింది, దాన్ని కూడా తోసి 2025లో భూభారతి వచ్చింది. చట్టాలు పోయాయి గానీ గైడు పోలేదు. కనీసం ఒక మాట చెప్పొచ్చు. న్యాయ సేవల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయ పరిమితి లేదు, తెల్లకాగితం మీద అర్జీ రాసి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీలో ఇస్తే వకీలుని వాళ్లే పెడతారు, ఫీజు వాళ్లే కడతారు, ఏమీ తోచకపోతే 15100కి ఫోను చెయ్యొచ్చు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆ రెండు నిమిషాల్లో గ్రూపు ఫొటో తీస్తున్నారు, ఆవిడని ముందు వరసలో కూర్చోబెట్టారు.

కోర్టుకెళ్లి ఒక సివిలు, ఒక క్రిమినలు విచారణ చూసి రాయాలన్న నియమం కూడా ఉంది, 30 మార్కులకి. వెళ్లిన రోజు రెండూ వాయిదా పడతాయి. కనుక సీనియర్ రికార్డు తెచ్చుకుని ఎత్తి రాయడం ఆచారం. క్రిమినల్ కేసులో హత్యకి పాత ఐపీసీ 302 కొట్టేసి కొత్త చట్టం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103 అని దిద్దుకోవాలి, మరిచిపోతే వైవాలో దొరికిపోతారు. కొంచెం బుర్ర ఉన్నవాళ్లు దిద్దరు. 2024 జులై 1కి ముందు జరిగిన హత్యకి పాత సెక్షనే వర్తిస్తుంది కాబట్టి తారీఖు వెనక్కి జరుపుతారు. సివిల్ కేసుకి ఆ తిప్పలు కూడా లేవు. పదేళ్ల కిందటి సీనియర్ ఏది రాశాడో దావా ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

క్యాంటీన్లో చర్చలు మాత్రం నిజమైన దేశం గురించే. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల ధర్మాసనం ఆరుగురు అవును, ఒకరు కాదు అని చెప్పిన తీర్పు ఐదొందల పేజీల పైమాటే. అభిప్రాయం లేనివాడు టేబుల్ దగ్గర ఒక్కడూ ఉండడు, చదివినవాడు ఒక్కడుంటే వాడు చివరన కూర్చుని టీ తాగుతుంటాడు. ఈలోగా మెరిట్ చచ్చిపోతోందని ఒకరు ఆవేదన చెందుతారు. లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలకి 42 మార్కులొస్తే అర్హత. ఆవేదన చెందుతున్న ఆయన ఆ పరీక్ష గొడవ లేకుండా మేనేజ్‌మెంట్ కోటాలో, అదీ 'నాన్ అటెండింగ్' పద్ధతిలో చేరారు. హాజరు 70 శాతం ఉండాలన్న నియమాన్ని ఈ పద్ధతి ఎంత గౌరవిస్తుందంటే, మనిషి రాకపోయినా హాజరు వస్తుంది. ఆయన కాలేజీకి వచ్చింది పరీక్ష ఫీజు కట్టడానికి. మెరిట్ గురించి మాట్లాడటానికి ఇంకో గంట ఉండిపోయారు.

తమ సంగతి వచ్చేసరికి మాత్రం వీళ్లంత ఓర్పు గలవాళ్లు ఉండరు. పట్టా చేతికొచ్చాక సీనియర్ ఆఫీసులో చేరితే నెలకి బస్సు చార్జీలు గిట్టుబాటయితే గొప్ప. జూనియర్లకి పట్నంలో 20 వేలు, మిగతా చోట్ల 15 వేలు ఇస్తే బాగుంటుందని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. సూచన మాత్రమే. సీనియర్లు సూచనని సూచనగానే గౌరవించారు. కార్మిక హక్కుల మీద కాలేజీ సెమినార్‌కి ముఖ్య అతిథులుగా వచ్చేది కూడా వాళ్లే. వాళ్ల బ్యాగు మోసుకొచ్చిన జూనియర్ వెనక వరసలో కూర్చుని నోట్స్ రాసుకుంటాడు.

ఇవన్నీ చూశాక ఒక ప్రతిపాదన చేయక తప్పడం లేదు. కాలేజీ ప్రాంగణాన్ని, హాస్టళ్లు సహా, వెంటనే ఊహాదేశంగా ప్రకటించాలి. ఖర్చు లేదు, గేటు మీద ఒక బోర్డు చాలు: 'ఈ దేశ చట్టాలు భారతదేశ చట్టాలతో సమానం.' దాంతో మెస్‌లో అంట్లు తోమే అక్క జీతం వివాదాంశం ఒకటి అవుతుంది. ఏడింటికల్లా మూసే లేడీస్ హాస్టల్ గేటు, తొమ్మిదిదాకా తెరిచుండే బాయ్స్ హాస్టల్ గేటు వివాదాంశం రెండు. ప్రస్తుతం సంచార స్వేచ్ఛ మీద 19(1)(డి) వాదించాల్సిన అమ్మాయి ఆరూ నలభైకి ప్రాక్టీసు మధ్యలో లేచి పరిగెత్తాల్సి వస్తోంది, ఆమె భాగం రీసెర్చర్ చదివి వినిపిస్తున్నాడు. తాళం తియ్యని లీగల్ ఎయిడ్ గది వివాదాంశం మూడు. ప్రార్థన ఒక పేజీ మించకూడదు.

ప్రతిపాదన సాంస్కృతిక కమిటీకి పంపాం. ఆలోచన బాగుందన్నారు, ఈ ఏడాది ఫైనల్ అయ్యాక చూద్దామన్నారు. ఫైనల్ శనివారం ఉదయం పదిన్నరకి, సెమినార్ హాల్లో. అంశం: భారతానా గణతంత్రంలో మురుగు గుంతలో చనిపోయిన 'ఎక్స్' కుటుంబానికి పరిహారం. రిటైర్డ్ జడ్జి గారు కళ్లజోడు పైకి తోసి, గుంతలోకి దిగే ముందు 'ఎక్స్'కి ఏమేమి ఇచ్చారో రికార్డులో ఉందా అని అడిగారు. పిటిషనర్ తరఫు అమ్మాయి మెమోరియల్ పదకొండో పేజీ తిప్పి, ఒక తాడు, ఒక బకెట్ మిలార్డ్, అంది. హాస్టల్ వెనక అప్పటికే ట్యాంకు లారీ వచ్చి ఆగింది. హాల్లోకి వాసన వస్తోందని రీసెర్చర్ లేచి కిటికీ మూశాడు.